రెండు ఫిల్సులు, మున్నూరు యూనిట్లు

2022 వేసవిలో ఒకరోజు సులైబియాలో గోడౌన్ ఆఫీసులో కూర్చుని సర్వర్‌తో కుస్తీ పడుతుంటే అమ్మ ఫోన్ చేసింది. మామూలుగా ఆ టైములో చెయ్యదు. నేను డ్యూటీలో ఉంటానని తెలుసు.

"రేయ్ నాయనా, మన మీటరు మున్నూరు దాటిందంట. వెనకింటి పాపకు కార్డు ఉండదంటాండారు. పొద్దున్నుంచి ఏడుస్తాంది ఆ పిల్ల."

అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది. రాజంపేట వైపు మా ఇంటికి వెనక రెండు గదుల పోర్షన్ ఉంది. అందులో ఒకామె ఇద్దరు పిల్లలతో అద్దెకుంటుంది. హోటల్లో వంటపని చేస్తుంది. ఆమె వాడేది రెండు బల్బులు, ఒక ఫ్యాను, ఒక చిన్న టీవీ. మీటరు మాత్రం రెండిళ్లకూ ఒకటే. ఆమె కార్డు వివరాల్లో ఉన్నది కూడా మా సర్వీసు నంబరే. అంతకు ముందు ఏడాది ఎండలకు అమ్మ తట్టుకోలేకపోతోందని నేను ఇక్కణ్ణుంచి డబ్బు పంపి ఒక టన్ను ఏసీ పెట్టించాను. రోజుకు ఎనిమిది గంటలు వేసినా నెలకు 240 యూనిట్ల దాకా తాగేస్తుంది. దానికి ఫ్రిజ్జు, మోటరు, ఫ్యాన్లు కలిపితే మూడొందలు దాటక ఏమవుతుంది?

అంటే కొడుకు కువైట్ నుంచి కొనిచ్చిన ఏసీ వెనకింటి ఆమెను కాగితాల మీద ఉన్నవాళ్ల లెక్కలో వేసింది. ఆ ఏడు ఆమెకు పిల్లల చదువు కింద రావాల్సిన డబ్బు కూడా రాలేదు. తప్పు ఎవరిదని వెతికితే చివరికి నా బ్యాంకు స్టేట్‌మెంట్‌ దగ్గరికే వచ్చి ఆగుతుంది.

ఆరోజు ఫోన్ పెట్టేశాక పైకి చూశాను. నా నెత్తిమీద ఏసీ పొద్దున్నుంచీ తిరుగుతూనే ఉంది. ఇక్కడ ఎవరూ దాన్ని ఆపరు. ఈ దేశంలో సొంతిల్లున్న కువైటీ యూనిట్‌కు కట్టేది రెండు ఫిల్సులు. ఆ ధర పెట్టింది 1966లో. అది నేను పుట్టక ముందు సంగతి. మా నాయన అప్పటికి బడికి కూడా పోవట్లేదు. ఒక ధర అన్నేళ్లు కదలకుండా ఎలా ఉంటుందో తెలుసుకుందామని మొదలుపెట్టిన చదువే ఈ పోస్టు. నా చదువు ఇంజనీరింగు, చరిత్ర కాదు. టైపింగు కూడా లేఖినిలో తంటాలు పడి నేర్చుకున్నదే. తప్పులుంటే చెప్పండి.

కువైట్‌లో మొదట కరెంటు వెలిగింది అమీర్‌గారి సీఫ్ ప్యాలెస్‌లో, 1913లో. ఊళ్లో ఇళ్లకు ఇవ్వడానికి ఒక ప్రైవేటు కంపెనీ 1934లో మొదలైంది. అప్పటికింకా చమురు బయటపడలేదు. ముత్యాల వ్యాపారం కూలిపోయి ఊరు బక్కచిక్కి ఉన్న రోజులవి. కరెంటు పెట్టించుకోవడం డబ్బున్న కొద్దిమంది ముచ్చట. 1946లో చమురు ఎగుమతి మొదలయ్యాక కథ మారింది. 1951లో ప్రభుత్వం ఆ కంపెనీని కొనేసింది. మరుసటేడే షువైఖ్‌లో మొదటి స్టీమ్ పవర్ స్టేషన్ పెట్టింది. అక్కణ్ణుంచి కరెంటూ నీళ్లూ ఒకే చోట తయారవుతూ వచ్చాయి. సముద్రపు నీళ్లను మంచినీళ్లు చేసే ప్లాంట్లూ పవర్ స్టేషన్లూ ఇక్కడ కవల పిల్లలు.

1961లో స్వాతంత్ర్యం వచ్చింది. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే కువైట్ దినారూ వచ్చింది. అంతవరకూ ఇక్కడ నడిచింది మన రూపాయే. 1959 నుంచి రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసం ప్రత్యేకంగా అచ్చేసిన రూపాయి నోట్లు వాడారు. దినారు వచ్చినప్పుడు ఒక దినారుకు పదమూడు రూపాయల చిల్లర. అంటే 1966 మొదట్లో రెండు ఫిల్సులంటే మన లెక్కలో మూడు పైసల లోపు. ఆ జూన్‌లో ఇందిరాగాంధీ ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించాక అదే రెండు ఫిల్సులు నాలుగు పైసలు దాటింది. ఇవాళ అర్ధరూపాయి దాటింది. ఇక్కడ ధర అంగుళం కదల్లేదు. మన రూపాయే జారుకుంటూ పోయింది. జీతం పంపేటప్పుడు రేటు పెరిగిందని సంతోషించే మనవాళ్లం ఈ లెక్క ఎప్పుడూ ఇటువైపునుంచి చూడం.

ఇంత తక్కువ ధర ఎందుకు పెట్టారు? బీదలకు సాయమని కాదు. భూమి కింద చమురు అందరిదీ కాబట్టి దాని ఫలం పౌరుడి ఇంటికి చేరాలన్నది ఆలోచన. ఉచిత వైద్యం, ఉచిత చదువు, ఇంటి రుణం ఎలాగో చౌక కరెంటూ అలాగే. పాత మట్టి ఇళ్లు పోయి సిమెంటు విల్లాలు వస్తున్న కాలం అది. మట్టిగోడ ఎండను ఆపినట్టు సిమెంటు ఆపదు. ఏసీ లేకుండా ఆ ఇళ్లలో బతకలేరు. చౌక కరెంటు ఉంది కాబట్టి ఇళ్లు అలా కట్టారు. ఇళ్లు అలా ఉన్నాయి కాబట్టి ధర ముట్టుకోలేకపోయారు.

ఇంజనీరు బుద్ధి ఊరుకోదు కదా, లెక్కవేశాను. ఒకటిన్నర టన్నుల ఏసీ రోజుకు 18 గంటలు తిరిగిందనుకుందాం, గంటకు ఒకటిన్నర యూనిట్ చొప్పున. నెలకు 810 యూనిట్లు. రెండు ఫిల్సుల లెక్కన ఒక దినారు 620 ఫిల్సులు, మన డబ్బుల్లో అయిదొందల లోపు. అవే 810 యూనిట్లు ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఆగస్టు నుంచి అమలైన శ్లాబుల్లో వేస్తే ఆరువేల అయిదువందలు దాటుతుంది. చార్జీలూ సర్దుబాట్లూ కలపకుండానే.

దీని ఫలితం ఊహించుకోవచ్చు. 2023 వేసవిలో కువైట్ గరిష్ఠ లోడు 16,900 మెగావాట్లు దాటింది. జనాభా అప్పటికి యాభై లక్షల లోపు. అయిదు కోట్ల జనం ఉన్న ఆంధ్రప్రదేశ్ గరిష్ఠ డిమాండ్ ఆ రోజుల్లో 13,000 చుట్టుపక్కల.

ధర పెంచాలని ప్రయత్నించకపోలేదు. 2014 దాకా వంద డాలర్ల పైన ఉన్న చమురు పీపా 2016 జనవరికి ముప్ఫై కిందికి పడిపోయింది. బడ్జెట్ లోటులోకి పోయింది. ప్రభుత్వం కరెంటు ధరలు పెంచే బిల్లు తెచ్చింది. ఉత్పత్తి ఖర్చు అమ్మే ధరకు పది రెట్ల పైనే ఉందని చెప్పుకుంది. ఎంపీలు ససేమిరా అన్నారు. చివరికి ఏప్రిల్‌లో ఒప్పుకున్నది ఏమిటంటే, కువైటీల సొంత ఇళ్లను వదిలేసి మిగిలినవాటికి పెంచడం. వ్యాపారాలకు 25 ఫిల్సులు. అద్దెకిచ్చే అపార్ట్‌మెంట్లకు అయిదు ఫిల్సులు. అమలు 2017లో. అపార్ట్‌మెంట్లలో ఉండేది ఎవరు? చాలావరకు మనమే. జలీబ్‌లో, ఫర్వానియాలో, మంగాఫ్‌లో గదికి ముగ్గురు చొప్పున ఉండే మలయాళీలు, ఈజిప్టువాళ్లు, కడప, గోదావరి జిల్లాల వాళ్లు.

అయిదు ఫిల్సులు కూడా ఎక్కువేం కాదు, ఒప్పుకుంటా. కానీ ఇక్కడి ఫ్లాట్లలో చాలాచోట్ల కరెంటు అద్దెలోనే కలిసి ఉంటుంది, మీటరు ఓనరు పేరు మీద. మేమప్పుడు ఆరుగురం ఒక ఫ్లాట్‌లో, మూడు ఏసీలు. పై లెక్క ప్రకారం నెలకు 2,430 యూనిట్లు. యూనిట్‌కు మూడు ఫిల్సుల పెంపంటే ఏడు దినార్ల 290 ఫిల్సులు. హారిస్ వచ్చి అద్దె పది దినార్లు పెంచారని చెప్పిపోయాడు. చలికాలంలో ఏసీలు ఆపేసినా పది దినార్లు అలాగే ఉంది. అడిగితే "కరెంటు మహంగా హోగయా భాయ్" అన్నాడు. అతనిదేముంది, చెప్పమన్నది చెప్పాడు. బంగ్లాదేశ్ మనిషి, మెట్ల కింద గదిలో ఉంటాడు.

సులైబియా సంగతి ఇంకా వేరు. ఈ పేరు వినగానే మనవాళ్లకు గుర్తొచ్చేది ఫుర్దా, అంటే పెద్ద కూరగాయల మార్కెట్. లేకపోతే గోడౌన్లు, కోల్డ్ స్టోరేజీలు. ఊళ్లోని మురుగునీటిని శుభ్రం చేసే బ్రహ్మాండమైన ప్లాంటూ ఇటే ఉంది. గోడౌన్ల వైపు నుంచి కాస్త పోతే షాబియా వస్తుంది. పొట్టి పొట్టి ఇళ్లు, ఇరుకు సందులు, పైన రేకులు, గోడల మీద వైర్ల చిక్కు. విల్లాల కువైట్ తెలిసినవాళ్లు ఇక్కడికొస్తే దేశం మారిందేమో అనుకుంటారు. ఇక్కడుండేవాళ్లలో ఎక్కువమంది బిదూన్లు. బిదూన్ అంటే 'లేకుండా' అని అర్థం, జాతీయత లేకుండా. 1959లో పౌరసత్వ చట్టం వచ్చినప్పుడు ఎడారిలో తిరిగే చాలామంది పేర్లు నమోదు చేయించుకోలేదు. కాగితం విలువ అప్పట్లో తెలియలేదు. ఇవాళ లక్షమంది దాకా ఉంటారు. 1990కి ముందు కువైట్ సైన్యంలో, పోలీసుల్లో పెద్ద భాగం వీళ్లే. సులైబియాలో, జహ్రా దగ్గర తైమాలో ప్రభుత్వం కట్టి అద్దెకిచ్చిన ఇళ్లలో తరాలుగా ఉంటున్నారు. 2011 ఫిబ్రవరిలో హక్కుల కోసం ఈ రెండు చోట్లనుంచీ వీధుల్లోకి వచ్చారు.

మా గోడౌన్లో స్టోర్ చూసుకునే పెద్దాయన బిదూన్. వాళ్ల నాన్న సైనికుడు. ఆయనకు సినిమాల హిందీ బాగా వచ్చు, నాకు పనికొచ్చేంత అరబ్బీ వచ్చు. అలా మాట్లాడుకుంటాం. అమ్మ ఫోన్ చేసిన రోజు మొహం చూసి ఏమైందని అడిగాడు. చెప్పాను. మీటరు చూసి మనిషి బీదవాడో కాదో చెప్పడం ఆయనకు భలే వింతగా అనిపించింది. తర్వాత ఆయన తన ఇంటి సంగతి చెప్పాడు. ముగ్గురన్నదమ్ముల సంసారాలు ఒకే ఇంట్లో. పిల్లలు పెద్దవాళ్లైన కొద్దీ వాకిలి మీద రేకులేసి గది, దానిమీద ఇంకో గది. వేరే ఇల్లు కొనుక్కుందామంటే తన పేరున రిజిస్టరు కాదు. కువైటీకి వచ్చే ఇంటి రుణమూ రాదు. ఎండాకాలం అన్ని ఏసీలూ ఒకేసారి వేస్తే బ్రేకర్ పడిపోతుంది. అందుకని మధ్యాహ్నం ఆడవాళ్లూ పిల్లలూ అంతా ఒకే గదిలో పడుకుంటారట. "ధర గురించి మాకెప్పుడూ గొడవ లేదు" అన్నాడు.

నాకు అప్పుడు మా చిన్నప్పటి బిల్లులు గుర్తొచ్చాయి.

మా అవ్వ ఇంట్లో కరెంటు కుటీర జ్యోతి కింద వచ్చింది. కేంద్రం 1988-89లో మొదలుపెట్టిన పథకం అది. బీద కుటుంబానికి ఒక్క బల్బు కనెక్షన్. ఆ బల్బు కింద మా చిన్నాన్నలు చదువుకున్నారు. అవ్వకు ఫ్యాను పెట్టుకోవాలని ఉండేది. పెడితే లైన్‌మన్ చూస్తాడని భయం. చివరికి పెట్టింది. ఆయన వచ్చిన రోజు దానిమీద చీర కప్పేది. ఆయనకూ తెలుసు, ఏమీ అనేవాడు కాదు.

మా ఇంట్లో యాభై యూనిట్ల గొడవ. మొదటి యాభై యూనిట్లకు ఒకటీ నలభై అయిదు, 2000ల్లో చాలా ఏళ్లు అదే ధర. అది దాటితే పై శ్లాబు. నాయన కుట్టుమిషన్ మీద బతికే మనిషి. నెలాఖరుకు మీటరు దగ్గర టార్చి పట్టుకుని నిలబడి అంకెలు చదివేవాడు. నలభై ఆరు వచ్చిందంటే ఆ నాలుగురోజులూ టీవీ బంద్. మీటరు రీడింగ్ తీసే అబ్బాయి రెండురోజులు ఆలస్యంగా వస్తే నాయన తిట్లు చెప్పలేను.

2000 జూన్‌లో చార్జీలు పెరిగినప్పుడు నాకు పన్నెండేళ్లు. దాని వెనక పెద్ద కథ ఉందని తర్వాత తెలిసింది. 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది. 1999 ఫిబ్రవరి 1న విద్యుత్ బోర్డు జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా చీలింది. ప్రపంచ బ్యాంకు అప్పు, రెగ్యులేటరీ కమిషన్, ఖర్చుకు తగ్గ ధర. కాగితం మీద అంతా సబబుగానే ఉంటుంది. వామపక్షాలూ కాంగ్రెసూ వీధికెక్కాయి. ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు చనిపోయారు. టీకొట్టు దగ్గర పేపరు చదివి నాయన ఇంటికొచ్చి కాసేపు ఏమీ మాట్లాడలేదు. కరెంటు బిల్లు కోసం మనిషి చచ్చిపోవచ్చని నాకు మొదటిసారి తెలిసింది ఆరోజే. 2004లో వై.ఎస్. ముఖ్యమంత్రిగా తొలి సంతకం ఉచిత విద్యుత్ ఫైలు మీద పెట్టడానికి కూడా ఆ నాలుగేళ్ల కోపమే కారణమని నా అభిప్రాయం. కాకపోతే అది పొలం మోటార్లకు. ఇంటి బిల్లుకు కాదు.

ఇంటి బిల్లుకు ఉచితం మెల్లగా వచ్చింది. ఉమ్మడి రాష్ట్రం చివరి రోజుల్లో, 2013లో, ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు యాభై యూనిట్ల దాకా. విభజన తర్వాత రెండు రాష్ట్రాలూ పోటీపడి పెంచాయి. 2018లో ఆంధ్రలో వంద, తెలంగాణలో 101. 2019లో ఆంధ్రలో 200. తెలంగాణలో 2024 మార్చి బిల్లుల నుంచి గృహజ్యోతి, తెల్లకార్డు ఉన్న ఏ కుటుంబానికైనా 200 యూనిట్ల దాకా జీరో బిల్లు. ప్రజాపాలన దరఖాస్తులో సర్వీసు నంబరు రాయాలి. అద్దెకున్నవాళ్లకూ వర్తిస్తుందని ప్రభుత్వం స్పష్టంగా చెప్పింది, అది మంచి పని. అయితే 201 వస్తే ఆ నెల బిల్లు మొత్తం కట్టాలి. మా నాయన ఉంటే మళ్లీ టార్చి బయటికి తీసేవాడు.

ఆంధ్రలో 2019లో ఇంకొకటి జరిగింది. ఇదే మా వెనకింటి ఆమెకు తగిలింది. నవశకం పేరుతో కొత్త బియ్యం కార్డులకు అర్హతలు పెట్టినప్పుడు ఆదాయం, భూమి, కారు, ప్రభుత్వోద్యోగం, ఇన్‌కమ్ టాక్స్‌లతో పాటు కరెంటు వాడకాన్నీ చేర్చారు. సొంతిల్లైనా అద్దిల్లైనా నెలకు 300 యూనిట్ల లోపు ఉండాలి. తర్వాత చాలా పథకాలకు అదే జల్లెడ. ఆలోచన చెడ్డదేం కాదు. ఆదాయం గురించి ఎవరైనా అబద్ధం చెప్పొచ్చు, మీటరు చెప్పదు. డేటాబేస్‌తో పనిచేసేవాడిగా నేనే ఆ ఉద్యోగంలో ఉంటే అదే సలహా ఇచ్చేవాణ్నేమో, అది తలచుకుంటే సిగ్గేస్తుంది. ఒక సర్వీసు నంబరు, ఒక కుటుంబం అని టేబుల్ రాసుకుంటాం. ఒక మీటరు వెనక రెండు పొయ్యిలున్నాయా మూడున్నాయా అని టేబుల్‌కు తెలియదు. కరెంటు బిల్లులో సాయం చెయ్యడానికి పుట్టిన లెక్క తిరిగి బియ్యం ఆపే లెక్క అయింది.

మరి అందరికీ ఒకే ధర పెట్టే కువైట్ పద్ధతి మేలా? ఎనిమిది ఏసీల విల్లాకు దక్కే రాయితీ ఒక గదిలో ముడుచుకు పడుకునే సంసారానికి దక్కేదానికంటే ఎన్నో రెట్లు. గల్ఫ్ అవతలి ఒడ్డున ఇరాన్ 2010 డిసెంబర్‌లో ఇంకో దారి పట్టింది. ఇంధనం, కరెంటు ధరలు ఒక్కసారిగా పెంచి, మనిషికి నెలకు 4,55,000 రియాళ్లు బ్యాంకులో వేసింది. మొదట్లో బీదవాళ్లకు నిజంగా మేలు జరిగింది. తర్వాత ద్రవ్యోల్బణం ఆ డబ్బును తినేసింది. బ్రిటన్ 1997 నుంచి ముసలివాళ్లందరికీ చలికాలపు బిల్లుకు సాయం ఇచ్చింది, లక్షాధికారికి కూడా. 2024లో బీదవాళ్లకే అని కుదిస్తే కోటిమంది దాకా జాబితా నుంచి పోయారు. గొడవై మరుసటేడే చాలావరకు వెనక్కి తీసుకున్నారు. గీత ఎక్కడ గీసినా దాని అవతల ఎవరో ఒకరు నిలబడి ఉంటారు. నాకు మాత్రం చిన్నప్పటి శ్లాబుల మీదే ఇంకా మమకారం. మొదటి యాభై యూనిట్లు చౌకగా ఇవ్వడానికి నువ్వెవరని ఎవరూ అడగలేదు. యాభై దాటితే తర్వాతి యూనిట్లు ప్రియమయ్యేవి, అంతే. బియ్యం పోయేది కాదు.

వెనకింటి ఆమెకు విడిగా సర్వీసు తీసుకోవాలని తేలింది. సబ్ మీటరు పెడితే చాలనుకున్నాను, అది లెక్కలోకి రాదట. ఇల్లు అమ్మ పేరున ఉంది కాబట్టి దరఖాస్తు అమ్మే పెట్టాలి. డిపాజిట్ నేను పంపాను. కొత్త మీటరు, పేర్లు మార్చడం, మళ్లీ పరిశీలన, అన్నీ అయ్యేసరికి నెలలు గడిచిపోయాయి. కార్డు నిలబడింది. పోయిన డబ్బు మాత్రం రాలేదు. నేనిస్తానంటే ఆమె "వద్దులే అన్నా" అంది. అమ్మ నాకు చెప్పకుండా నాలుగు నెలలు అద్దె తీసుకోలేదని తర్వాత తెలిసింది.

ఇక్కడ కూడా రోజులు మారుతున్నాయి. 2023 సెప్టెంబర్ నుంచి దేశం దాటే విదేశీయుడు కరెంటు, నీళ్ల బాకీలు కట్టేశాకే విమానం ఎక్కాలి. 2024 జూన్‌లో, ఎండలు యాభై డిగ్రీల దగ్గర ఉండగా, కువైట్‌లో వంతులవారీగా కరెంటు తీశారు. ఆ వారమంతా స్టోర్ పెద్దాయన ఇంటికి ఐసు ముక్కల సంచులు మోసుకుపోయాడు. అమ్మకు ఫోన్ చేసి చెప్తే నమ్మలేదు.

"మీకు గూడా పోతాదా నాయనా కరెంటు?" అని నవ్వింది. నవ్వి, వెనకింటి కొత్త మీటరు ఫోటో పంపింది. ఆ నెల అరవై ఒక్క యూనిట్లు. ఏసీ సంగతి అడిగితే మాట మార్చింది. ఆర్పేసి వాకిట్లో మంచం వేసుకుంటోందని ఆమె చెప్పకపోయినా నాకు తెలుసు.